మిద్దె మీద కిటికీ

మా వాడలో మరుగు అంటే కంపచెట్లే. యింకో అర్థం మాకు తెలీదు. కోడి కూయక ముందే ఆడవాళ్లు గుంపుగా చెరువుకట్ట కిందికి పోయేవాళ్లు. తెల్లారితే పోయేదానికి లేదు. మళ్లీ పొద్దుగూకేదాకా కడుపు బిగబట్టుకుని శనక్కాయ చేలో కలుపు తీయాల. ఆ కట్ట మీద ఊరి మగవాళ్లు బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవాళ్లు. లేచిపొమ్మని వాళ్లతో యెవరూ అనలేదు. ధైర్యం లేక అనలేదని మీరు అనుకోవచ్చు. అది నిజమే. కానీ ధైర్యం కంటే ముందు సంగతి వొకటుంది. అనాలని తోచేదే కాదు. చూసేవాడికి సిగ్గు లేకపోతే వాడి కంట్లో పడిన మనిషే తల దించుకోవాల అనేది మాకు వాన రాని జూన్ నెలంత మామూలు సంగతి.

యీ వ్యాసం ఆ బాధ చెప్పుకునేదానికి రాయడం లేదు. ఆ బాధ మన కథల్లో, పాటల్లో శానా వచ్చింది. రావాల్సిందే, యింకా రావాల. నేను వొక ప్రశ్న గురించి రాస్తున్నాను. మాకు యెన్నడూ మరుగు యివ్వని వాళ్లు, మేం యిల్లు కట్టుకునే నాటికి "మీ యింటితో మా మరుగు పోతుంది" అంటే మేం యేం జవాబు చెప్పాల? "మాకిచ్చినారా, మీకియ్యడానికి?" అనేది వొక జవాబు. నోటికి తియ్యగా వుంటుంది. మా వాడ పిల్లోళ్లంతా ఆ జవాబే చెప్పమన్నారు. అది సరైన జవాబేనా అనేదే నా సమస్య.

మాది కళ్యాణదుర్గం తట్టు ఊరు. పేరు రాయను. రాస్తే వొక యింటి ఆడమనిషి బచ్చలి గురించి జిల్లా అంతా చెప్పినట్టవుతుంది. మరుగు గురించి రాస్తూ ఆ పని చేయలేను.

అనంతపురం జిల్లా పాత యిండ్లు చూసినవాళ్లకు మిద్దె అంటే యేమిటో చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెప్తున్నా. రాతి గోడలు, దూలాలు, దంతెలు, వాటి మీద కంప, కంప మీద మన్ను, మన్ను మీద చౌడు. యేడాదికి అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన కూడా వేళకు పడని సీమలో యేటవాలు కప్పు యెవరికి కావాల? చదునుగా వుంటే శనక్కాయలు ఆరబోసుకోవచ్చు, మిరపకాయలు ఆరబోసుకోవచ్చు, యెండాకాలం చాప పరుచుకుని పండుకోవచ్చు. మిద్దె నడుమ గాలికీ వెలుతురుకీ పొగ పోయేదానికీ వొక బొక్క వుంటుంది. గవాచి అంటాం. ఊర్లో మిద్దెలు వొకదాన్నొకటి ఆనుకుని వుంటాయి. యీ కొనన యెక్కితే ఆ కొన దాకా నేల మీద కాలు పెట్టకుండా పోవచ్చు. అంటే యెవరి యింట్లోకైనా గవాచిలోంచి తొంగి చూడొచ్చు. కానీ చూడరు. మిద్దె యెక్కేవాడు ముందు దగ్గుతాడు. లేకపోతే "మిద్దె యెక్కుతాండామమ్మో" అని వొక కేక వేస్తాడు. గవాచి పక్కన నడిచేటప్పుడు ముఖం తిప్పుకుంటాడు. యిది యెవరూ రాసిపెట్టిన చట్టం కాదు. గోడ గోడ కలుపుకుని బతికేవాళ్లు తమకు తాము పెట్టుకున్న మర్యాద.

ఆ మర్యాద తెలిసినవాళ్లే మా వాడ పక్కకు తిరిగితే దగ్గేవాళ్లు కాదు. ఊరికీ వాడకీ మధ్య మా దగ్గర వొక సందు. ఆ సందుకు అటు పక్క పెద్దిల్లు. ఆ మిద్దె మీద నిలబడితే మా అమ్మ నీళ్లు పోసుకునే చోటు తేటగా కనిపించేది. దాన్ని మేం బచ్చలి అంటాం. నాలుగు నాపబండలు, వొక పాత చీర. అంతే బచ్చలి. అమ్మ చీకటి వుండంగానే నీళ్లు పోసుకునేది, చలికాలమైనా సరే. అదే మిద్దె, అదే మనిషి. సందుకు ఆ పక్క చూసేటప్పుడు వొక కన్ను, యీ పక్క చూసేటప్పుడు యింకో కన్ను. వాళ్లకు మరుగు అనే విలువ తెలీదు అనేదానికి లేదు. బాగా తెలుసు. తెలిసిన దాన్ని సందు దగ్గర ఆపేసినారు.

తర్వాత కాలనీ యిండ్లు వచ్చినాయి. 1985-86లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన ముందు మన కోసమే వచ్చింది, షెడ్యూల్డు కులాలకూ తెగలకూ వెట్టి నుంచి విడిపించిన వాళ్లకూ. తర్వాత్తర్వాత దాని కొలత కనీసం 20 చదరపు మీటర్లు. మా నాయనకు వచ్చింది వొక్క గది. కొట్టంలో వానకు తడిసినవాళ్లకు అది రాజభవనమే, నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ గదులు వరసగా కట్టినారు. వొకరి వాకిలి యెదురుగా యింకొకరి వాకిలి. వొకే గదిలో అమ్మ, నాయన, అవ్వ, మేం నలుగురం. పునాది లెక్కలో వుంది, కప్పు లెక్కలో వుంది, కొత్తగా పెండ్లయిన మొగుడూ పెండ్లాం యెక్కడ మాట్లాడుకోవాలనేది యే లెక్కలోనూ లేదు. మా పక్క శానా వాడల్లో ఆర్డీటీ కట్టించిన యిండ్లు వున్నాయి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్లు యిల్లు ఆడమనిషి పేరు మీద రాయించినారు. అది మంచి పని. యిల్లు యెవరి పేరు మీద వుందో ఆ మనిషి 'తలుపు వేసుకుంటా' అంటే కాదనేదానికి మొగుడికి నోరు రాదు.

మరుగు అనేది మనసుకు సంబంధించిన సంగతి అని చదువుకున్నోళ్లు అంటారు. నా అనుభవంలో అది ముందు భూమికి సంబంధించిన సంగతి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు యిండ్ల పట్టాలు పంచింది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే డెబ్బై రెండు గజాల పైచిలుకు. దాంట్లో గోడ చుట్టూ జాగా యెక్కడ వదుల్తారు? పక్కింటికీ మనింటికీ మధ్య యింత దూరం వుండాల అనే నిబంధనలు భూమి వున్నోళ్లకు రాసినవి. యెకరంలో బంగళా కట్టుకున్నవాడికి కిటికీ యెటు తెరవాలనేది నీతి సమస్య కానే కాదు. చుట్టూ చెట్లు పెట్టుకుంటాడు, అయిపోయింది. మాకు ప్రతి కిటికీ వొక నీతి సమస్య.

2018లో నేను మిద్దె మీద మిద్దె కట్టాలని పూనుకున్నప్పుడు యీ సమస్య మా సందులోకి వచ్చింది.

నేను సర్కారు బడిలో అయివారిని. నా పెండ్లాం అంగన్‌వాడీ టీచరు. నాయనకు వచ్చిన కాలనీ జాగా, పక్కన కొన్నది కొంచెం, అంతా కలిసి మూడు సెంట్లు. కింద రెండు గదులు, పైన వొక గది. పై గది పాప చదువుకునేదానికి. ప్లాను గీసింది మా వాడ బేల్దారే. పదహైదేండ్లు బెంగుళూరులో పరాయివాళ్ల అపార్ట్‌మెంట్లు కట్టినోడు. మా జిల్లా కరువు బెంగుళూరుకు యెన్ని అంతస్తులు కట్టిందో యెవరైనా లెక్క తీస్తే బాగుండు. పై గదికి పడమర కిటికీ పెట్టమన్నాడు. ఆషాఢ మాసంలో మా పక్క గాలి పడమటి నుంచి కొడుతుంది. రామగిరి గుట్టల మీద 1990ల నుంచీ గాలిమరలు తిరిగేది ఆ గాలికే. ఆ గాలి లోపలికి వస్తే ఫ్యాను అక్కర్లేదు. పడమరే సందు. సందు దాటితే పెద్దిల్లు.

పిల్లర్లు లేచినాక పెద్దింటి ముసలాయన సందులో నిలబడి నన్ను పిలిచినాడు.

"యేమప్పా సారూ, మిద్దె మీద మిద్దె యేస్తాండావంట?"

"అవును పెద్దాయనా. పాప సదువుకునేదానికి వొక రూము."

"కింద సదువుకుంటే యెక్కదా? మా యింట్లో ఆడోళ్లు వుండారు. పైనుంచి మీవోళ్లు సూస్తాంటే వాళ్లు యెనక వాకిట్లోకి యెట్ల వొస్తారు? నువ్వే సెప్పు, సదువుకున్నోడివి."

యీ మాటల్ని నేను శానా రోజులు మనసులో విప్పి చూసినా. యిందులో రెండు మాటలున్నాయి. వొకటి, 'మా ఆడవాళ్ల బచ్చలి మీ కిటికీలోంచి కనపడగూడదు.' రెండోది, 'మీ యిల్లు మాయింటి కంటే యెత్తు వుండగూడదు.' మొదటిది న్యాయమైన మాట. యెవరు అడిగినా న్యాయమే. రెండోది మనువు మాట. కష్టం యేమిటంటే యీ రెండూ వొకే నోట్లోంచి, వొకే వాక్యంలో వస్తాయి. రెండో దానికి మొదటిది ముసుగు. అట్లని మొదటిది అబద్ధమూ కాదు.

యెత్తు సంగతి కొత్తది కాదు. మా సీమలో ఊరూరికీ బురుజులున్నాయి, పాళెగాళ్ల కాలం నాటివి. యెత్తు మీద నిలబడినవాడు కాపలా, కింద వున్నవాడు కాపలా కాయబడే సొత్తు. పంతొమ్మిదో శతాబ్దంలో తిరువాన్కూరులో నాడార్లు వొక అంతస్తు మించి యిల్లు కట్టకూడదు. ఊర్లో అంటరానివాళ్లు చేయగూడని నేరాల జాబితా అంబేద్కర్ రాసినాడు. అందులో పెంకుటిల్లు కట్టుకోవడం కూడా నేరమే. పెంకులు యెవరి మరుగు చెరుపుతాయి? పెంకులకు కండ్లున్నాయా? బొంబాయి దాదర్‌లో, హిందూ కాలనీ అనే పేరున్న చోట, 1930లలో ఆయన రాజగృహ కట్టుకున్నాడు, తన పుస్తకాల కోసం. 2020 జూలైలో యెవరో జొరబడి దాని కిటికీల మీద రాళ్లు వేసినారు, పూలకుండీలు పగలగొట్టినారు. ఆయన పోయి అరవై యేండ్లు దాటినా ఆ కిటికీల మీద కోపం పోలేదు.

సరే, మన సందులోకి వద్దాం. కళ్యాణదుర్గంలో మనోడు వొక కుర్ర వకీలు వున్నాడు. అతనితో మాట్లాడితే చట్టం సంగతి చెప్పినాడు. తర్వాత నేనే చదువుకున్నా. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం వుంది (మా జిల్లాను బళ్లారి నుంచి విడదీసిందీ ఆ యేడే). దాని 18వ సెక్షను కింద వొక వుదాహరణ వుంది. వొక పట్నంలో పక్కింటి మరుగు చెడేటట్టు కొత్త కిటికీ తెరవగూడదనే ఆచారం వుంటే, అక్కడ యిల్లు కట్టినవాడికి పక్కవాడి మీద ఆ హక్కు వస్తుంది, పక్కవాడికీ యితని మీద అదే హక్కు వస్తుంది. 1888లో అలహాబాదు హైకోర్టు పరదా పాటించే ఆడవాళ్ల కేసులో అట్లాంటి ఆచారాన్ని వొప్పుకునింది. మన మద్రాసు హైకోర్టు మాత్రం తర్వాత, కిటికీ తెరిచినందువల్ల మరుగు పోయింది అనే కారణం మీద దావా నిలవదు అనింది. మేం అప్పుడు మద్రాసు రాజధానిలో వున్నోళ్లమే. అంటే చట్టం నా పక్కే వుంది. కిటికీ కొట్టుకో అంటుంది.

కానీ నాకు ఆ చట్టం తృప్తి యివ్వలేదు. రెండు కారణాలు. ఆ వుదాహరణలో వొక యిల్లు, పక్కన యింకో యిల్లు. రెండూ సమానం. నీ మీద నాకెంత హక్కో నా మీద నీకంత. ఆ రెండిండ్ల మధ్య ఊరూ వాడా లేవు. యింకా చెప్పాలంటే, అంతా ఆచారం మీద నిలబెట్టినారు. మా ఊరి ఆచారం చూడండి. ఊరికి మరుగు వుండడం ఆచారం. వాడకు లేకపోవడమూ ఆచారమే. యే ఆచారాన్ని కోర్టుకు పట్టుకుపోవాల? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో మరుగు మనిషికి ప్రాథమిక హక్కు అన్నారు, దాన్ని మనిషి గౌరవంతో ముడిపెట్టినారు. ఆ కేసు ఆధార్ నుంచి వచ్చింది, కిటికీల నుంచి కాదు. అయినా ఆ మాట నాకు పనికొచ్చింది. మరుగు ఆచారం నుంచి కాకుండా మనిషి గౌరవం నుంచి వస్తే, అది పెద్దింటి కోడలికీ వుంటుంది, మా అమ్మకూ వుండి వుండాల. అమ్మకు యివ్వలేదు కాబట్టి ఆ కోడలికి లేదు అనేదానికి కుదరదు. కట్ట మీద బీడీ కాల్చింది ఆమె కాదు.

అందుకే "మాకిచ్చినారా" అనే జవాబు నేను చెప్పలేదు. దాని బదులు, ముసలాయన అడిగేది రెండు మాటల్లో యే మాటో తేల్చాలనుకున్నా. వొకటి ముందే కండ్లకు కనిపిస్తా వుంది. పెద్దింటికి అటు పక్క యెరువుల అంగడాయన 2011లోనే రెండంతస్తులు కట్టినాడు. ఆ బాల్కనీ కూడా ఆ వాకిటి మీదికే వుంది. యేడేండ్లుగా యెవరికీ మరుగు పోలేదు. అక్కడ నిలబడేవాళ్ల కండ్లకు కులం వుంది మరి.

అయినా యింకో మెట్టు పోదామనుకున్నా. మనిషి అడిగేది నిజంగా మరుగే అయితే మరుగు యిస్తే వూరుకుంటాడు. మా బేల్దారితో కూర్చుని మూడు పనులు అనుకున్నాం. పడమర కిటికీని ఆరడుగుల యెత్తున వెంటిలేటర్ లాగా అడ్డంగా పెట్టడం, గాలి వస్తుంది, కన్ను పోదు. పైన ఆ పక్క పిట్టగోడ అయిదడుగులు లేపడం. మెట్లు సందులోంచి కాకుండా యింటి లోపలి నుంచి వేయడం. పాపకు కొంచెం వెలుతురు తగ్గుతుంది, మాకు కొంచెం ఖర్చు పెరుగుతుంది. నేను పోయి ముసలాయనకు కాగితం మీద గీసి చూపించినా. ఆయన అద్దాలు పెట్టుకుని వొకటొకటి చూసినాడు. అంతా అయినాక అన్నాడు:

"యిదంతా బాగుందప్పా. అయినా మీకు పైమిద్దె యేంటికి?"

అంతే. రెండో మాట బట్టలిప్పి బయటికి వచ్చింది.

మా నాయన భయపడినాడు. ఆయన చిన్నప్పుడు ఆ యింట్లోనే జీతగాడు. "రెండడుగులు తగ్గించు నాయనా, వాళ్లింటి కంటే కిందికి రానీ. మనకేమి పోతాది?" అన్నాడు. నాయనను నేను యెట్లా తప్పు పట్టేది? ఆయన బతికిందంతా ఆ తగ్గింపుతోనే. కానీ మరుగు కోసం కిటికీ యెత్తుకు జరపడం వేరు, పెద్దరికం కోసం మిద్దె దించడం వేరు. మొదటిది యిద్దరు మనుషుల మధ్య సంగతి. రెండోది చేస్తే నేను నా కూతురికి వొక పాఠం చెప్పినట్టు. ఆ పాఠం చెప్పేదానికి నేను అయివారిని కాలేదు.

స్లాబు వేసినాం. వేసిన రెండో దినం నుంచి నీళ్ల ట్యాంకరు రాలేదు. ట్యాంకరు ఆయన ఫోను యెత్తలేదు. స్లాబుకు కనీసం పద్నాలుగు దినాలు నీళ్లు కట్టి నిలపాల. మేనెల యెండ. ఆరితే పగుళ్లు వస్తాయి, పెట్టిన డబ్బంతా పగుళ్లలో పోతుంది. మా వాడలో తాగే నీళ్లే రెండు దినాలకొకసారి. మరి ఆ మూడు దినాలు వాడ ఆడవాళ్లు బిందెకొకటి చొప్పున మోసినారు, తమ వంతు నీళ్లల్లోంచి. యెవరినీ నేను అడగలేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 నుంచి అమలైన సవరణలో సాంఘిక బహిష్కారం, ఆర్థిక బహిష్కారం కూడా నేరాలు. మా వకీలు ఆ సంగతి ఊర్లో చాయంగడి దగ్గర నిలబడి గట్టిగా చదివినాడు. నాలుగో దినం ట్యాంకరు వచ్చింది. కేసు పెట్టాల్సిందేనని మా పిల్లోళ్లు యిప్పటికీ అంటారు. వాళ్లతో నాకు ఆ వాదన తెగలేదు.

యింత జరిగినా వెంటిలేటర్ ఆరడుగుల యెత్తునే పెట్టినాం. పిట్టగోడ అయిదడుగులే లేపినాం. "వాళ్లు వొప్పుకోలేదు కదా, యింకా యేంటికి సార్, పెద్ద కిటికీ కొట్టండి" అన్నారు పిల్లోళ్లు. ముసలాయన కోసం అయితే కొట్టేవాడినే. ఆ కోడలు తన బిడ్డను మా ఆమె అంగన్‌వాడీకే తీసుకొస్తుంది. వొక దినం బిడ్డను దించి, యెవరూ లేనిది చూసి చెప్పిందంట: "టీచరమ్మా, మీ కిటికీ గురించి మా యింట్లో అందరూ మాట్లాడినారు. నన్ను మాత్రం వొక్కరూ అడగలేదు. మా బచ్చలికి పైన కప్పు లేదు. పెండ్లయినప్పటి నుంచీ వొక రేకు యేపించండి అంటానే వుండా."

వొక రేకు. ఆడవాళ్ల మరుగు కోసం ట్యాంకరు ఆపించగలిగిన యిల్లు ఆడమనిషికి వొక రేకు వేయించలేదు. వాళ్ల నోట్లో మరుగు అంటే ఆ కోడలి వొళ్లు కాదు, వాళ్ల పరువు. జైపూరులో 1799లో కట్టిన హవామహల్ గురించి మా బడి పిల్లలకు చెప్తుంటాను. రాణివాసం ఆడవాళ్లు తాము కనపడకుండా వీధి చూసేదానికి కట్టినది. చూసేదానికి చిన్న చిన్న కిటికీలు వందల కొద్దీ పెట్టినారు గానీ వాళ్లను వీధిలోకి రానియ్యలేదు. మరుగు ఆడమనిషి అడిగితే హక్కు, ఆమె మీద వేస్తే గోషా.

యింత దాకా ఊరి సంగతే చెప్పినా. నాకు అసలు పాఠం తూర్పు పక్క దొరికింది.

తూర్పున మా వాడే. మా గోడకు అయిదడుగుల దూరంలో వొక విధవ పెద్దమ్మ కొట్టం. కొడుకు బెంగుళూరులో సెంట్రింగు పని. ఆమె బచ్చలి యిప్పటికీ చీరల దడి. పై గదికి తూర్పు కిటికీ పొద్దుటి వెలుతురు కోసం పెట్టుకున్నాం. గోడ నడుము దాకా లేచినప్పుడు మా ఆమె పైకి యెక్కి చూసింది. దడి పైభాగం అంతా తెరిచే వుంది. కిటికీ జరపాల అనింది. బేల్దారి అన్నాడు: "పెద్దమ్మ యేమీ అనలేదు కదక్కా?" "అనదు. పెద్దింటోళ్లయితే అంటారు" అని మా ఆమె కిందికి దిగింది.

యీ సంగతి మన వుద్యమాల్లో యెక్కువ మాట్లాడుకోం. ఊరు మనల్ని చూసే చూపు గురించి మాట్లాడతాం. మనలో వుద్యోగం వచ్చి స్లాబు వేసుకున్నోడి కిటికీ మనలోనే కొట్టంలో వున్నోళ్ల మీదికి తెరుచుకుంటే? అక్కడ అభ్యంతరం చెప్పే నోరు వుండదు. "మనోళ్లే గదా" అనే మాట అడ్డమొస్తుంది. పెద్దింటి మిద్దె మీంచి మా అమ్మ యెట్లా కనపడిందో మా మిద్దె మీంచి పెద్దమ్మ అట్లే కనపడితే, నేను పెద్దింటిని తిట్టేదానికి యే ముఖం పెట్టుకోవాల? యిచ్చిపుచ్చుకునే లెక్కనే మరుగుకు పెడితే, తిరిగి యిచ్చేదానికి యేమీ లేని మనిషికి యెప్పటికీ మరుగు దొరకదు.

అందుకని కిటికీ మూసేయాలనుకున్నాం. మా ఆమె పోయి పెద్దమ్మకు చెప్పింది, కిటికీ తీసేస్తాండాం, నీకు యిబ్బంది లేదులే అని. పెద్దమ్మ వొప్పుకోలేదు.

"వొద్దమ్మా, మూయొద్దు. మీ మామ పోయినప్పటి నుంచి రాత్రిపూట వొక్కదాన్నే. పైన మీ దీపం కనపడితే ధైర్యం. యెవడన్నా వస్తే పాప సూస్తాది గదా. నా వాకిలి మీకు కనపడాల. బచ్చలి కనపడగూడదు. అట్ల పెట్టుకోండి."

మేం యింతసేపూ చూడడం తప్పు, చూడకపోవడం వొప్పు అనే అనుకుంటున్నాం. ఆమె దాన్ని చీల్చి చూపించింది. యెవరూ చూడని యింట్లో ఆడమనిషికి మరుగు వుంటుంది, దాంతో పాటే భయమూ వుంటుంది. చూపులో కాపలా వుంది, చూపులో దొంగతనమూ వుంది. యేది కావాలో యేది వద్దో ఆమెకు స్పష్టంగా తెలుసు. అడిగినోళ్లు లేరు, అంతే. చట్టాలు చదివిన నాకూ బెంగుళూరు చూసిన బేల్దారికీ తట్టని ప్లాను ఆమె వొక్క మాటలో గీసింది. కిటికీని నాలుగడుగులు ఉత్తరానికి జరిపి, దక్షిణం పక్క రెండడుగుల నిలువు గోడ బయటికి లాగినాడు బేల్దారి. మా కిటికీలో యెంత వంగి చూసినా యిప్పుడు దడి కనపడదు. కొట్టం వాకిలి, దాని ముందర వేపచెట్టు కనపడతాయి. నేను, మా ఆమె, పాప ముగ్గురం పైన నిలబడి, పెద్దమ్మ కింద దడిలో నిలబడి చేయి పైకెత్తి, "కనపడతాండానా? యిప్పుడు?" అని అడుగుతుంటే మేం లేదు లేదు అని కేకలు వేస్తూ గోడ కొలత తేల్చినాం. యే యింజనీరూ అట్లా కొలవడు.

పెద్దింటాయన 2019లో సందు పక్క ప్రహరీని తొమ్మిదడుగులకు లేపినాడు. ఆయన గోడ, ఆయన యిష్టం. మా కింది గదులకు ఆషాఢ గాలి పోయింది. పై గదికి వస్తుంది. ఆ యిటికెల ఖర్చుతో బచ్చలికి యెన్ని రేకులు వచ్చేవో మా బేల్దారి లెక్క కట్టి నవ్వుకున్నాడు. కోడలికి రేకు వేసినారో లేదో నాకు తెలీదు. మా పిట్టగోడ మీంచి అది కనపడదు.

యిప్పుడు పెద్దమ్మ కొడుకు బెంగుళూరు నుంచి వచ్చి కొట్టం తీసేసి యిల్లు మొదలుపెట్టినాడు. పునాది అయింది. అతనికీ మిద్దె మీద మిద్దె కావాల, మెట్లు మా పక్కకే వస్తాయంటున్నాడు. ఆ మెట్ల మీద నిలబడితే పాప చదువుకునే గది నేరుగా కనపడుతుంది. పాప యిప్పుడు డిగ్రీ. "మెట్లు పెట్టుకోనీ నాయనా, కానీ అడ్డం గోడ వాళ్లు కట్టాల, నేను తెర వేసుకుని చీకట్లో కూర్చోను" అంటుంది. గోడ కడితే తన జాగాలో ఆరంగుళాలు పోతాయని అతను అంటున్నాడు. వున్నదే రెండు సెంట్లు. ఖర్చులో సగం మేం పెట్టుకుంటాం అన్నాం. జాగా మాట తేలలేదు. యీ ఆదివారం పెద్దమ్మే మా యింటికి వస్తానంది, టేపు తీసుకుని.